16లో 11

ఇవాళ ఇంకో రెండు కుట్లు తీశారు. 16లో మిగిలినవి 11.

కుడి కంటికి కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే తేట పొర) మార్పిడి జరిగి 7 నెలలు. పొద్దున అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు నీళ్ళలా తేటగా ఉంది. అయినా ఆ కంటితో చదవబోతే అక్షరాలు అలుక్కుపోయినట్టే ఉన్నాయి. "ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకా కనపడట్లేదా?" అని నిన్న ఫోన్లో పెద్దమ్మ అడిగింది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. చివరికి, "కిటికీకి కొత్త అద్దం వేశారు పెద్దమ్మా, కానీ ఇంకా సమంగా కూర్చోలేదు" అన్నాను. ఆవిడకి అర్థమైంది. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే సరిగ్గా అర్థమైంది.

నా జబ్బు పేరు కెరటోకోనస్. అందులో కార్నియా పలచబడి శంకువులా ముందుకి ఉబ్బుతుంది. నాకు లోపలి సన్నని పొర నాదే ఉంచి, ముందు పొరలు మాత్రం దాతవి వేశారు. దీన్ని డాల్క్ అంటారు. ఆ లోపలి పొరని ఒళ్ళు తిప్పికొట్టే బెడద ఉండదు కాబట్టి కొంత ధైర్యం. మిగతా పొరల భయం పూర్తిగా పోలేదు. కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా ఆ రోజే పరుగెత్తుకు రమ్మన్నారు.

అసలు తంటా కుట్లతో. తలవెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారాలు బండిచక్రం ఆకుల్లా చుట్టూ ఉంటాయి. ఏది కాస్త బిగిసినా కార్నియా ఆ వైపు వంపు తిరిగి సిలిండర్ పవర్ (వంపు అన్ని వైపులా ఒకేలా లేక చూపు అలుక్కుపోయే దోషం) పెరుగుతుంది. ఇవాళ టోపోగ్రఫీ, అంటే కార్నియా వంపుల పటం, తీశారు. తెర మీద పైనా కిందా ఎర్రగా, పక్కలకి నీలంగా ఒక పటం వచ్చింది. ఎరుపు ఉన్న చోట వంపు ఎక్కువట. డాక్టరుగారు దాన్నీ నా కంటినీ మార్చి మార్చి చూసి, పైన ఒకటి, కింద ఒకటి ఎంచుకున్నారు. మత్తు చుక్కలు వేశాక నొప్పి తెలియలేదు. మెరిసే సూది మాత్రం కంటికి ఎదురుగానే వస్తుంది, అదే టెన్షన్. గడ్డం ఆనించే పీటని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

"అన్నీ ఒకేసారి తీసేయొచ్చుగా?" అన్నాను. కుదరదట. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. పరాయి కార్నియాని ఒళ్ళు అంత త్వరగా పసిగట్టకపోవడానికి అదో కారణం. 1905లోనే ఎడ్వర్డ్ జిర్మ్ అనే కంటి డాక్టరు కార్నియా మార్పిడి చేసి నెగ్గుకొచ్చాడు. కానీ రక్తం అందని చోట గాయం మానడం నత్తనడకే. తొందరపడితే అతుకు విడిపోతుంది. కుట్లన్నీ పోయి ఆకారం కుదురుకున్నాక కళ్లజోడు చాలకపోతే స్క్లెరల్ లెన్స్ ఉంది, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్స్. లోపల సెలైన్ నింపి పెట్టుకుంటే కార్నియా మీద ఎగుడుదిగుళ్ళని ఆ నీరే పూడుస్తుంది. అదే చివరి మజిలీ అయితే నాకేమీ అభ్యంతరం లేదు.

సాయంత్రమంతా ఇసుక పడ్డట్టు గరగరలాడింది. చెయ్యి దానంతటదే కంటి మీదికి పోతుంది. ఏళ్ళ తరబడి నులిమిన అలవాటు, ఇప్పుడది పక్కా నిషేధం. చేతులు ఒళ్ళో కట్టుకుని కూర్చున్నాను.

రాత్రి ఎడమ కన్ను మూసి వరండా దీపం చూశాను. ఆపరేషన్‌కి ముందు అది ఐదారు దీపాలు. నిన్నటిదాకా రెండు, ఒకదాని కింద ఒకటి. ఇవాళా రెండే, కాకపోతే కిందిది కాస్త పక్కకి జరిగింది. ఇది మంచికా కాదా అన్నది వచ్చే నెల పటంలో తేలుతుంది.

చుక్కల అలారం మోగుతోంది.