నాన్న ఫోనులోనూ 192.0.0.4

సంక్రాంతికి నంద్యాల వెళ్ళినప్పుడు నాన్న జియో ఫోను సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో దాని చిరునామా, చూశాను. కొత్త తరహా పొడవాటి ఐపీవీ6 అడ్రస్ కింద, పాత తరహా ఐపీవీ4లో 192.0.0.4 అని ఉంది. నా ఫోనులోనూ అక్షరాలా అదే.

"ఒకే నంబరు రెండిళ్ళకు ఉంటే ఉత్తరం ఎవరికి పోతుందిరా?" అన్నారు నాన్న. ముప్పై ఏళ్ళు పోస్ట్‌మ్యాన్‌గా చేసిన మనిషి, ఆయనకు అది మింగుడుపడలేదు.

ఆ నంబరు ఫోను దాటి బయటికి రాదు. నెట్‌వర్క్ ఫోనుకి ఇచ్చేది ఐపీవీ6 మాత్రమే. ఐపీవీ4లో ఉన్నవి మొత్తం దాదాపు 430 కోట్ల అడ్రస్‌లు. ప్రపంచం ఉమ్మడి నిల్వలోని చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరిలోనే పంచేశారు. కానీ పాత యాప్‌లకు ఐపీవీ4 తప్ప వేరేది తెలియదు. వాటి కోసం ఫోనే లోపల ఒక ఉత్తుత్తి ఐపీవీ4 ఇంటర్‌ఫేస్ తయారుచేస్తుంది. యాప్ అందులోకి వేసిన ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) హెడర్‌నీ, అంటే చిరునామాలుండే ముందు భాగాన్ని, ఐపీవీ6గా మార్చి పంపుతుంది. 20 బైట్ల హెడర్ 40 అవుతుంది. ఆపరేటర్ దగ్గర దాన్ని మళ్ళీ ఐపీవీ4 చేస్తారు. దీని పేరు 464ఎక్స్‌లాట్. 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6877 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది, ఆ ఏడాదే ఆండ్రాయిడ్ 4.3లో చేరింది.

నాన్నకి ఇలా చెప్తే వెంటనే అందుకున్నారు. "రీడైరెక్ట్ అన్నమాట. పాత చిరునామా కొట్టేసి కొత్తది రాస్తాం. కవరు మార్చం."

సరిగ్గా అదే. నేను ఇన్నాళ్ళూ జూనియర్లకు కవరులో కవరు పెట్టినట్టు అని చెప్పేవాణ్ణి, అది తప్పు పోలిక.

ఈ మార్పిడిలో ఐపీవీ4 అంకెల ముందు తగిలించే ఐపీవీ6 భాగాన్ని ప్రిఫిక్స్ అంటారు. ఆపరేటర్ ఏ ప్రిఫిక్స్ వాడుతున్నాడో ఫోను కనుక్కునే పద్ధతి నాకు మరీ ఇష్టం. ఐపీవీ4 అడ్రస్ మాత్రమే ఉన్న ఒక ప్రత్యేకమైన పేరుకి ఐపీవీ6 అడ్రస్ చెప్పమని, పేర్లకు అడ్రస్‌లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌ని అడుగుతుంది. నిజానికి జవాబు రాకూడదు. వచ్చిందంటే మధ్యలో ఎవరో కల్పించారన్నమాట. ఆ కల్పనలోంచే ప్రిఫిక్స్ లాగేస్తుంది.

ఫోను చేసే ఈ అనువాదం విలువ నాకు ఆ రాత్రే తెలిసొచ్చింది. లైనక్స్ ల్యాప్‌టాప్‌కి 4జీ డాంగిల్ పెట్టి ఆఫీసు బిల్లింగ్ ప్రోగ్రాం తెరిచాను. బ్రౌజర్‌లో అన్నీ వస్తున్నాయి, ఇది మాత్రం 'నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్' అంటోంది. పంపాల్సిన బిల్లులు, ఒకటే టెన్షన్. రెండు గంటలు వెతికితే తేలింది: తయారుచేసినవాళ్ళు సర్వర్ పేరు బదులు ఐపీవీ4 అంకెలే కోడ్‌లో రాసేశారు. పేరుంటే డీఎన్‌ఎస్ దగ్గరే ఐపీవీ6 జవాబు దొరికేది. అంకెలకు ఆ దారి లేదు, ఆ ల్యాప్‌టాప్‌లో ఫోనులా అనువదించే ఏర్పాటూ లేదు. ఆ అనువాదం చేసే 'క్లాట్‌డీ' అనే ప్రోగ్రాం దించుకుని నడిపాను. బిల్లులు వెళ్ళాయి.

యాప్‌లు రాసేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే, దయచేసి పేరు రాయండి. మా బిల్లింగ్ వాళ్ళకీ మెయిల్ పెట్టాను. కొత్త వెర్షన్ వచ్చేదాకా ల్యాప్‌టాప్‌లో క్లాట్‌డీ నడుస్తూనే ఉంటుంది.