కళ్లంలో మూడు రాత్రులు

మా మూడెకరాల్లో ఈసారీ సాంబ మసూరే వేశాము. 1986లో మా బాపట్ల నుంచే బీపీటీ 5204 పేరుతో విడుదలైన ఈ వరి రకం దాదాపు అయిదు నెలల పంట కావడంతో, కోత సరిగ్గా మంచు ముదిరే రోజుల్లో పడుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు కనుక, యంత్రం కోసిన పచ్చి ధాన్యాన్ని పొద్దెక్కాక పట్టాల మీద పలుచగా నెరిపి, గంటగంటకూ కాళ్లతో సాళ్లు తీస్తూ తిరగేసి, మంచు దిగకముందే కుప్ప చేసి కప్పాము. రెండో రాత్రి చినుకులు పడితే అమ్మా నేనూ పట్టా అంచులు పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాము. ఆ భయం మాటల్లో చెప్పలేను. మూడో రోజు మధ్యాహ్నం నాన్న ఒక గింజను పంటి కింద పెట్టి కొరికారు. టక్కుమంది. తేమ కొలిచే యంత్రం ఏం చూపినా, నాకు ఆ చప్పుడు మీదే నమ్మకం ఎక్కువ. "ఇక బస్తాలకు ఎత్తండి" అన్నారు. అప్పటికి గానీ అమ్మ నడుం వాల్చలేదు.