కార్డు మీద పట్టని ఉత్తరం

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటి, అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటుండగానే మా పేట మందిరంలో అమ్మగారు, అంటే పాస్టరు అయ్యగారి భార్య, స్టీలు పళ్లెం పట్టుకుని వరసల మధ్యకి వస్తారు. పళ్లెంలో వాగ్దానం కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిల్ వచనం అచ్చేసినవి, బోర్లించి ఉంటాయి. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. పిల్లలు రెండు తీసి మంచిది ఉంచుకుందామని చూస్తారు, అమ్మగారు చేతి మీద చిన్న దెబ్బ వేస్తారు. కార్డు మీద బొమ్మ ఎప్పుడూ మంచుకొండలే, లేదంటే ఏ దేశందో జలపాతం. మన గోదారి గట్టు ఏం పాపం చేసిందో, ఒక్కసారీ దానికి చోటు దొరకలేదు.

మా పిన్ని కువైట్ వెళ్లే ముందు తీసిన కార్డులో యిర్మీయా 29:11 వచ్చింది. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును. రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." పిన్నికి చదువు రాదు. నేనే చదివి పెట్టాను. మూడుసార్లు చదివించుకుంది. రెండేళ్ల వీసా, రెండేళ్లలో అప్పు తీరిపోద్ది, తిరిగొచ్చి వంటగది పక్కా చేసుకుంటానని లెక్కలేసుకుని, ఆ కార్డుని పాస్‌పోర్టు కవర్లో పెట్టుకుని విమానం ఎక్కింది.

అది పదకొండేళ్ల కిందటి మాట. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చి వెళ్లింది. అప్పు తీరింది, ఇంకొకటి పుట్టింది. నాలుగో తరగతి చదువుతున్నప్పుడు వదిలి వెళ్లిన కొడుక్కి ఇప్పుడు మీసాలొచ్చాయి.

మొన్న శ్రావణంలో, బయట ముసురు పట్టిన ఒక రాత్రి ఫోన్ చేసి అడిగింది. "ఒరే, ఆ కార్డులో మాట దేవుడు నాకే చెప్పాడంటావా? నిజం చెప్పు."

ఏం చెప్పాలో తెలియలేదు. ఊరికే "నీకే పిన్నీ" అనొచ్చు. చాలామంది ప్రసంగీకులు అంతకంటే గట్టిగా, మైకులో అంటారు. కానీ ఆమె "నిజం చెప్పు" అంది. బైబిల్ తీశాను. సిగ్గుపడాల్సిన సంగతేంటంటే, ఆ వచనం నాకు కంఠతా వచ్చుగానీ దానికి పై వచనం ఏమిటో ఎప్పుడూ చూడలేదు. 29వ అధ్యాయం ఒక ఉత్తరమని కూడా నాకు ఆ రాత్రే తెలిసింది.

అపొస్తలుల కార్యములు 8లో ఒక ప్రయాణం ఉంది. ఐతియొపీయ దేశపు అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం పైకి చదువుకుంటూ పోతుంటాడు. ఫిలిప్పు పరుగెత్తుకెళ్లి "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అంటాడు. ఆ అధికారి తిరిగి అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చుతుంది. ప్రవక్త ఎవరి గురించి ఇలా చెప్తున్నాడు, "తన్నుగూర్చియా, వేరొకని గూర్చియా?" అన్నాడు. నాకేమొస్తుంది అన్నది మొదటి ప్రశ్న కాలేదు ఆయనకి. బైబిల్ ఎలా చదవాలి అని పెద్ద పెద్ద పుస్తకాలు వచ్చాయి, సెమినరీల్లో రెండేళ్లు మూడేళ్లు చెప్తారు. ఆ రథంలో పడ్డ ప్రశ్న దగ్గరే అవన్నీ మొదలవుతాయనిపిస్తుంది. ఎవరు, ఎవరితో, ఎవరి గురించి?

ఈ ఉత్తరం యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసింది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదుల రాజునీ పెద్దల్నీ పనివాళ్లనీ చెరపట్టి బబులోనుకి తోలుకుపోయాడు. అక్కడున్నవాళ్లకి రాశాడు. ఎల్యాశా, గెమర్యా అని ఇద్దరి చేత పంపాడు. మన వైపు గల్ఫు వెళ్లేవాళ్లకి ఆవకాయ సీసా ఇచ్చి పంపినట్టు, ఆ దారిన వెళ్తున్నవాళ్ల చేతికిచ్చాడు. ఉత్తరంలో మొదటి మాట చూడండి. "ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి, తోటలు నాటి వాటి ఫలములను అనుభవించుడి."

తోట అనే మాట మన డెల్టాలో పుట్టినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపు చూడ్డానికి ఆరేడేళ్లు పడుతుంది. తోటలు నాటండి అన్నవాడు, వచ్చే ఏడు తిరిగొచ్చేస్తారు అని చెప్పడం లేదు. తర్వాతి మాట ఇంకా కరుకు. పెళ్లిళ్లు చేసుకోండి, కొడుకులకీ కూతుళ్లకీ కూడా అక్కడే పెళ్లిళ్లు చేయండి అంటాడు. పదో వచనానికొచ్చేసరికి లెక్క బయటపెట్టేశాడు. డెబ్బై ఏళ్లు. ఆ డెబ్బై కింద సరిగ్గా పదకొండో వచనం, మన కార్డు. ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో తిరిగి ఊరు చూసినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు?

అప్పుడు ముందటి అధ్యాయం కూడా చదవాల్సి వచ్చింది. 28లో హనన్యా అని ఇంకో ప్రవక్త ఉన్నాడు. మందిరంలో, జనం ముందు, రెండేళ్లలో అందరూ వచ్చేస్తారని దేవుడు సెలవిచ్చాడన్నాడు. బబులోనుకి లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని లాగి విరిచేశాడు. ఎంత బాగుంటుంది ఆ దృశ్యం, ఈరోజుల్లో అయితే చప్పట్లు, కీబోర్డు మీద ఒక మెరుపు వాయింపు. ఇక్కడ నన్ను ఆపింది, కాడి విరగకముందు యిర్మీయా ఇచ్చిన జవాబు. అబద్ధం అని అరవలేదు. "ఆలాగున జరుగునుగాక" అన్నాడు. హీబ్రూలో అక్కడున్న మాట ఆమేన్. తనకీ అలాగే జరగాలని ఉంది. కానీ కోరిక వేరు, వచ్చిన వాక్కు వేరు. కాడి విరిగాక ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. దేవుడు చెప్పింది ఆ తర్వాతే తిరిగొచ్చి చెప్పాడు. హనన్యా ఆ ఏడే, ఏడో నెలలో పోయాడు.

మా పిన్ని రెండేళ్లు ఏ ప్రవక్తా చెప్పలేదు, వీసా కాగితం చెప్పింది. ఆ లెక్కని వచనం మీద అతికించింది మేమే.

ఇక్కడ తెలుగు బైబిల్ గురించి ఒక మాట చెప్పాలి. ఏడో వచనంలో "పట్టణముయొక్క క్షేమముకోరి దానికొరకు యెహోవాను ప్రార్థన చేయుడి, దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును" అని ఉంది. పదకొండులో "సమాధానకరమైన ఉద్దేశములు" అని ఉంది. తెలుగులో చదివితే ఇవి రెండు వేరు వేరు సంగతులు. హీబ్రూలో రెండు చోట్లా ఒకటే మాట, షాలోమ్. ఏడో వచనం ఒక్కదానిలోనే మూడుసార్లు వస్తుంది. అంటే పదకొండో వచనంలో దేవుడు మనసులో పెట్టుకున్న షాలోమ్, ఏడో వచనంలో శత్రువుల పట్టణం కోసం ప్రార్థించమన్న షాలోమ్, ఒకే ఊటలోవి. కార్డు మీద పదకొండు ఒక్కటే వేస్తే, బబులోను కోసం చేయాల్సిన ప్రార్థన కత్తెరలో పోయింది.

తెలుగు తప్పని నేననను. కొన్నిచోట్ల తెలుగే మేలు చేస్తుంది. ఇంగ్లీషులో యూ అంటే ఒకరో పదిమందో తెలియదు. మన బైబిల్ ఒక్కరితో మాట్లాడితే నీవు అంటుంది కాబట్టి "మిమ్మును" అన్నప్పుడు అది పదిమందికని చెవికే తెలిసిపోతుంది. పేటంతటికీ వచ్చిన మాట అది. ఇక నిరీక్షణ. బయట దానర్థం ఎదురుచూడటం. మందిరంలో ఆశ. మా తమ్ముడు చిన్నప్పుడు బస్టాండులో "ప్రయాణికుల నిరీక్షణ గది" అన్న బోర్డు చూసి, ఇక్కడ ప్రార్థన జరుగుతుందా అని అడిగాడు. అయితే హీబ్రూ తిక్వా కూడా ఎదురుచూడటమనే ధాతువు నుంచి వచ్చిందేనట. యెహోషువ గ్రంథంలో రాహాబు అనే ఆవిడ కిటికీకి కట్టిన ఎర్ర దారానికీ అదే మాట. ఎదురుచూస్తూ పట్టుకుని వేలాడే తాడు అనుకుంటే పదకొండేళ్ల కువైట్ కొంచెం అర్థమవుతుంది.

ఇంత చెప్పి కార్డుల్ని ఎగతాళి చేయలేను. ఆ అలవాటు మన పేటల్లో పుట్టింది కాదు. జర్మనీలో హెర్న్‌హుట్ అనే ఊళ్లో జిన్‌జెండార్ఫ్ అనే జమీందారు చుట్టూ చేరిన మొరేవియన్ విశ్వాసులు 1728లోనే రోజుకో వచనం అనుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకునేవారు. 1731 నుంచి అది ఏడాదికో పుస్తకంగా అచ్చవుతోంది. పాత నిబంధన వచనాన్ని చీటీ వేసి తీస్తారు గానీ, దానికి జోడుగా కొత్త నిబంధన వచనాన్ని ఒక మనిషి కూర్చుని వెతికి కలుపుతాడు. ఆ జోడు కలపడం మన పళ్లెంలో లేదు. తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను సంగతి సరేసరి. క్రీ.శ. 386లో మిలాను తోటలో ఏడుస్తూ ఉంటే పిల్లల గొంతు "తీసి చదువు" అన్నట్టు వినిపించి, తెరిచిన చోట రోమా 13 కనిపించి, బతుకే మారిపోయింది. దేవుడు అలా కూడా మాట్లాడతాడు. నేనెవర్ని కాదనడానికి?

దొంగలు కొట్టి పడేసినవాణ్ని పరాయివాడొకడు ఆదుకున్నాడని యేసు చెప్పిన మంచి సమరయుని కథకి ఆ అగస్టీనే చెప్పిన అర్థం మన ఊళ్లలో ఇప్పటికీ కొత్త సరుకులా అమ్ముడవుతోంది. గాయపడ్డవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం, పూటకూళ్లవాడు పౌలు, రెండు దేనారములు ప్రేమకి సంబంధించిన రెండు ఆజ్ఞలు. వినడానికి ఎంతో సొంపు. పదహారో శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్‌కి ఇది నచ్చలేదు, వాక్యానికి లేని అర్థం తొడిగారన్నాడు. నేను కాల్విన్ వైపే. పూటకూళ్లవాడు ఎవరో తేల్చుకుంటూ కూర్చుంటే "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అన్న చివరి మాట చెవిన పడదు.

పాతవాళ్లకి ఈ చిక్కు మనకంటే తక్కువేమో అనిపిస్తుంది. 1836లో వచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు పని చేసిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్ నాటి నుంచి మా తాతల కాలం దాకా పేటల్లో చదువొచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. ఒకరు లాంతరు దగ్గర కూర్చుని అధ్యాయం మొదలు నుంచి చివరి దాకా చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు. మా అమ్మమ్మకి ఓనమాలు రావు. కానీ మీరు ఒక వచనం అంటే దాని ముందుదీ తర్వాతదీ అప్పజెప్పేది. చెవితో విన్నవాళ్లకి వాక్యం తెగి రాదు, వరస మీద వస్తుంది. కార్డు కావాలంటే చదువు రావాలి, అచ్చు కావాలి, కత్తెర కావాలి.

బైబిల్లోనే యిర్మీయాని చదివినవాడు ఒకడున్నాడు. దానియేలు 9. తానే చెరలో ఉన్నాడు, ముసలివాడయ్యాడు. డెబ్బై ఏళ్ల సంగతి "గ్రంథములవలన గ్రహించితిని" అన్నాడు. గడువు దగ్గరపడిందని తెలిసినవాడు సామాన్లు సర్దుకోవాలి కదా. గోనెపట్ట కట్టుకుని, బూడిద పోసుకుని, ఉపవాసముండి ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థనంతా వాళ్లు పాపం చేశారు అని ఉండదు, మేము పాపం చేశాము అని ఉంటుంది. వాగ్దానాన్ని మోకాళ్ల మీద చదివాడు. ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు.

మరి పిన్ని అడిగినదానికి జవాబు? మొదటి అర్థంలో ఆ మాట ఆమెకి రాసింది కాదు, నాకూ కాదు. బబులోనులో ఉన్న యూదులకి రాసింది. అది మన చేతికి ఎలా వచ్చిందో చూపించడానికి పేతురు మొదటి పత్రికకి వెళ్లాలి. క్రీస్తుని నమ్మి చెదిరి ఉన్నవాళ్లందరినీ ఆయన "పరదేశులును యాత్రికులును" అని పిలుస్తాడు. చివర్లో తానున్న చోటు బబులోను అని రాసి వందనాలు చెప్తాడు. అది రోముకి మారుపేరు అంటారు చాలామంది. అలా చెరలో ఉన్నవాళ్ల వరసలో క్రీస్తు ద్వారా మనమూ చేరాం, వాళ్లకొచ్చిన ఉత్తరం మనకీ చదివి వినిపిస్తున్నారు. కాబట్టి తీసుకుంటే మొత్తం తీసుకోవాలి, ఇళ్లూ తోటలూ పట్టణం కోసం ప్రార్థనా డెబ్బై ఏళ్లూ కలిపి.

ఇదంతా ఇంత వరసగా చెప్పలేకపోయాను ఫోన్లో. అధ్యాయం మొదటి నుంచి చదివానంతే. పిన్ని ఊఁ కొడుతూ వింది. ఏడో వచనం దగ్గర ఆపమంది.

"మళ్లీ చదువు."

చదివాను.

"ఈ ఇంట్లో ముసలావిడ ఉంది కదా, మంచం మీదే. నేనే తుడిచి బట్టలు మారుస్తాను. రాత్రి ఆవిడ పడుకున్నాక మోకాళ్లేసుకుని ఆవిడ కోసం ప్రార్థన చేసుకుంటాన్రా. ఇన్నాళ్లూ తప్పేమో అనుకున్నాను. మన మనిషి కాదు కదా, చేయొచ్చో లేదో అని ఎవర్నీ అడగలేదు."

నేను మాట్లాడలేదు. లైనులో అక్కడి ఏసీ చప్పుడు, ఇక్కడి వాన.

"పదకొండోది కూడా చదువు, నిద్రొస్తుంది నాకు" అంది.

కిందటి సెలవుకి వచ్చినప్పుడు ఆ కార్డు మా ఇంట్లో బైబిల్లో మర్చిపోయి వెళ్లింది. మూలలు నలిగి, మంచుకొండలు వెలిసిపోయి ఉంది. వెనక ఖాళీ. బాల్‌పెన్నుతో ఏడో వచనం రాద్దామని మొదలుపెట్టాను. నున్నటి కాగితం, సిరా సరిగ్గా పట్టడం లేదు. "దాని క్షేమము మీ" దగ్గరకొచ్చేసరికి చోటు అయిపోయింది. మిగతా మాటలు అంచు వెంబడి పక్కకి తిప్పి రాశాను. వచ్చే నెల మా వీధి చివరి అక్క కువైట్ వెళ్తోంది, ఆమె చేతికిచ్చి పంపాలి.