మూడో ప్రయత్నంలో స్కిల్ టెస్ట్ గట్టెక్కాను: కమాండ్ లైన్ ఆప్షన్ల దగ్గర పోగొట్టుకున్న ఏడాది

శుక్రవారం సాయంత్రం వెలువడిన ఉద్యోగ ఎంపికల తుది జాబితాలో నా హాల్‌టికెట్ నంబరును మూడుసార్లు సరిచూసుకున్న తరువాతే ఇంటికి ఫోన్ చేశాను. పరీక్ష నమూనా, సిలబస్, మార్కుల విభజన మీకందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. రాత పరీక్షలో నేను మూడుసార్లూ నెగ్గాను. రెండుసార్లు ఓడిపోయింది ప్రోగ్రామ్ రాసి నడిపి చూపాల్సిన స్కిల్ టెస్ట్‌లో, అదీ మనలో చాలామంది పది నిమిషాల పని అనుకొని చివరికి వదిలేసే చోట, అంటే సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌కు కమాండ్ లైన్‌లో (దాన్ని నడిపే ఆదేశంలో) పేరు పక్కన గీత పెట్టి ఇచ్చే ఆప్షన్లను చదువుకొనే భాగంలో.

మొదటిసారి ఓటమికి నేను పూర్తిగా అర్హుణ్ణి. ఆ ఆదేశంలోని పదాలన్నీ వరుసగా ఉండే ఆర్గ్‌వి అనే పట్టిక మీద ఒక ఫర్ లూప్ తిప్పి, ప్రతి పదాన్నీ స్ట్రింగ్ పోలిక ఫంక్షన్‌తో సరిచూస్తే చాలుననుకున్నాను. ‘-ఎన్ 20’ అని (ఎన్ ఆప్షన్, దాని విలువ 20) విడిగా ఇస్తే నా ప్రోగ్రామ్ పనిచేసింది. ‘-ఎన్20’ అని కలిపి ఇచ్చినప్పుడు, రెండు ఆప్షన్లను ఒకే గీత వెనుక ‘-విఎన్ 20’ అని చేర్చినప్పుడు, ఆప్షన్లు ముగిశాయని చెప్పే ‘--’ తరువాత గీతతో మొదలయ్యే ఫైల్ పేరు వచ్చినప్పుడు అది చేతులెత్తేసింది. ఈ మూడూ యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి నియమావళి అయిన పోసిక్స్ ప్రమాణం స్పష్టంగా అనుమతించిన పద్ధతులేనని, వీటన్నిటికీ గెట్ఆప్ట్ అనే ఫంక్షన్ ఎప్పటినుంచో ఉన్నదని నాకు ఆ తరువాతే తెలిసింది.

రెండో ఏడాది గెట్ఆప్ట్‌ను కంఠస్థం చేశాను. దానికిచ్చే ఆప్షన్ల స్ట్రింగ్‌లో (అక్షరాల వరుసలో) ఆప్షన్ అక్షరం పక్కన కోలన్ పెడితే దానికి విలువ కావాలని, ఆ విలువ ఆప్ట్‌ఆర్గ్ అనే చలరాశిలో దొరుకుతుందని, ఆప్షన్లు ముగిశాక మిగిలిన పదాలు ఆప్ట్‌ఇండ్ అనే చలరాశి చూపే స్థానం నుంచి మొదలవుతాయని, తెలియని ఆప్షన్‌కు ప్రశ్నార్థకం, ముగింపుకు -1 తిరిగి వస్తాయని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ణి. విశాఖపట్నంలోని పరీక్షా కేంద్రంలో మాకిచ్చినవి మామూలు కంప్యూటర్లు కావు, ఫోన్లలో వాడే రకమైన ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న అరచేతి పరిమాణపు చిన్న బోర్డులు. ఆ తేడాను నేను పట్టించుకోలేదు. ఫైల్ చివరి పంక్తులను చూపే ప్రోగ్రామ్ రాయమన్నారు. ఇరవై నిమిషాల్లో రాశాను, ఒక్క హెచ్చరిక కూడా లేకుండా కంపైల్ అయింది. నడిపితే, దీన్ని ఎలా వాడాలో చెప్పే నా యూసేజ్ సందేశమే తెర మీద పడి ప్రోగ్రామ్ ఆగిపోయింది. సరైన ఆప్షన్లు ఇచ్చినా అదే, తప్పువి ఇచ్చినా అదే, అసలు ఏ ఆప్షనూ ఇవ్వకపోయినా అదే. ఆప్షన్ల స్ట్రింగ్‌ను నాలుగుసార్లు మార్చాను, ఏ ఆప్షన్‌కు ఏం చేయాలో విడదీసే స్విచ్‌లోని బ్రేక్‌లన్నీ లెక్కపెట్టాను, చివరి నలభై నిమిషాలూ ఫైల్ చదివే భాగంలో లేని తప్పును వెతుకుతూ గడిపాను. తిరిగి వచ్చిన విలువను ఒక్క ప్రింట్‌ఎఫ్‌తో ముద్రించి చూసి ఉంటే 255 కనిపించి, గుట్టు అక్కడే బయటపడేది. ఆ పని చేయాలని తోచలేదు.

తిరుగు ప్రయాణంలో, రైలు విజయనగరం దాటాక, సంచిలోని గెట్ఆప్ట్ మాన్ పేజీ (మాన్యువల్ పుట) ప్రతిని తీసి చూడసాగాను. వందసార్లు చదివిన కాగితం అది. చీపురుపల్లి వచ్చేసరికి నా చూపు ఆ ఫంక్షన్ నమూనాలోని మొట్టమొదటి పదం మీద ఆగింది: ఇంట్. గెట్ఆప్ట్ తిరిగి ఇచ్చేది పూర్ణాంకాన్ని. నేను దాన్ని అందుకున్నది ఒక్క బైట్ మాత్రమే పట్టే చార్ రకం చలరాశిలో. చార్ అని మాత్రమే రాస్తే అది రుణ సంఖ్యలనూ పట్టే సైన్డా, వాటిని పట్టని అన్‌సైన్డా అన్న నిర్ణయాన్ని సీ ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. నా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో అది సైన్డ్ కనుక -1 అందులో -1గానే నిలుస్తుంది. ఆర్మ్ మీది లినక్స్‌లో సాధారణంగా అది అన్‌సైన్డ్. తొలినాటి ఆర్మ్ ప్రాసెసర్లలో బైట్‌ను గుర్తుతో సహా చదివే సూచన లేకపోవడం వల్ల ఏర్పడిన ఆనవాయితీ అది. సున్నా నుంచి 255 వరకే పట్టే అక్కడ -1 కాస్తా 255 అవుతుంది. 255 ఎన్నటికీ -1కు సమానం కాదు కనుక వైల్ లూప్ ముగియక, స్విచ్‌లో ఏదీ సరిపోనప్పటి డిఫాల్ట్‌కు వెళ్లి, నేనే రాసిన యూసేజ్ సందేశాన్ని నాకే చూపించి బయటకు వచ్చేది. ఒక్కో అక్షరాన్ని చదివే గెట్‌చార్ ఫలితాన్ని ఇంట్‌లోనే ఉంచాలని మొదటి సెమిస్టర్‌లోనే నేర్చుకున్నవాణ్ణి, అదే సూత్రం ఇక్కడా వర్తిస్తుందని గ్రహించలేకపోయాను. ఆమదాలవలసలో దిగేసరికి నాన్న బండితో వచ్చి ఉన్నారు. “ఏటయిందిరా?” అన్నారు. ఒక్క పదం తప్పు రాశానంటే ఆయన నమ్మలేదు.

ఆ రాత్రే నా ల్యాప్‌టాప్‌లో, చార్‌ను అన్‌సైన్డ్‌గా భావించమని జీసీసీ కంపైలర్‌కు చెప్పే ‘-ఎఫ్‌అన్‌సైన్డ్-చార్’ ఆప్షన్‌తో అదే ప్రోగ్రామ్‌ను కంపైల్ చేస్తే పరీక్షా కేంద్రంలో చూసిన సందేశమే మళ్లీ కనిపించింది. ఆర్మ్ బోర్డు కొనలేనివారు ఈ ఆప్షన్‌ను తప్పక గుర్తుంచుకోవాలి.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. నేను శ్రద్ధగా చదవలేదని ఆ ఏడాది బంధువులు అన్నారు. అది న్యాయం కాదు. నేను చేరిన శిక్షణ కేంద్రం ఇచ్చిన జిరాక్స్ నోట్సులో ఆ పంక్తి చార్ అనే అచ్చయి ఉంది, అక్కడి యంత్రాలన్నిటిలో అది పనిచేసింది కూడా. నోట్సును నమ్మడం నేరమా? అయితే మాన్ పేజీ వందసార్లు చదివానన్నవాడికి మొదటి పదం కనిపించకపోవడానికి మాత్రం నోట్సు బాధ్యత లేదని ఒప్పుకుంటాను.

మూడో ఏడాది పద్ధతి మార్చాను. రోజూ ఉదయం శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరి నా అద్దె గదిలో, ఫోన్‌ను బీరువాలో పెట్టి, మాన్ పేజీలోని ఒక్కొక్క వాక్యానికి ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఇది చాదస్తమని గది మిత్రుడు నవ్వాడు. రోజుకు ఒక్క వాక్యమైనా సరే, చదివినదాన్ని నడిపి చూడని రోజును చదువు లేని రోజుగానే నేను లెక్క వేసుకున్నాను, మీరూ అలాగే వేసుకోండి. రెండు కోలన్లు పెడితే విలువ ఐచ్ఛికమని చదవడం వేరు, అప్పుడు ‘-ఎన్20’ అని కలిపితేనే అది అందుతుందని, విడిగా ఇచ్చిన 20 ఫైల్ పేరైపోతుందని కళ్లారా చూడడం వేరు. లినక్స్‌లో వాడే గ్నూ గెట్ఆప్ట్ ఆర్గ్‌విలోని పదాల వరుసను మార్చి ఫైల్ పేర్లను చివరికి నెడుతుందని, స్ట్రింగ్ మొదట ప్లస్ గుర్తు పెడితే ఆ పని మానుతుందని అలాగే తెలిసింది. స్ట్రింగ్ మొదట కోలన్ పెడితే విలువ లేని ఆప్షన్‌కు ప్రశ్నార్థకం బదులు కోలన్ వస్తుంది. ఆప్ట్‌ఆర్గ్‌లోని అంకెను ఏటూఐ ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చకండి, అది అక్షరాలకూ సున్నాకూ తేడా చెప్పదు, స్ట్రింగ్ నుంచి లాంగ్‌కు మార్చే స్ట్ర్‌టోల్ వాడండి. ‘--హెల్ప్’ లాంటి పొడవాటి ఆప్షన్లను చదివే గెట్ఆప్ట్ లాంగ్ పట్టికలో చివరి వరుస సున్నాలతో నింపడం మరవవద్దు.

ఈసారి టెస్ట్ గంటన్నరలో ముగిసింది. వైవాలో ఆప్ట్‌ఇండ్ 1తో ఎందుకు మొదలవుతుందని అడిగారు, సున్నా స్థానంలో ప్రోగ్రామ్ పేరు ఉంటుందని చెప్పాను. ‘-5’ అనే సంఖ్యను ఆప్షన్‌గా కాక మామూలు విలువగా ఎలా ఇవ్వాలని అడిగారు. మొదటి ఏడాది నన్ను ఓడించిన ‘--’ గుర్తుకు వచ్చి నవ్వు వచ్చింది, దాని తరువాత ఇవ్వాలని చెప్పాను.

ఆ ఏడాది పొడవునా రాసుకున్న ప్రయోగాలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి, ఒక్కొక్కదాని పైన అది ఏ వాక్యానికి రాసినదో వ్యాఖ్యగా ఉంది. చేరవలసిన తేదీ ఇంకా రాలేదు కనుక అంతవరకు నేను శ్రీకాకుళంలోనే ఉంటాను. కావలసినవారు సాయంత్రం వేళ పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే ఇస్తాను, కాని మొదటి ప్రోగ్రామ్‌లో చార్ అని ఉన్న పంక్తిని కావాలనే దిద్దకుండా ఉంచాను.