ఆగిపోయినదాన్ని ఎవరు ఆపారు?

కడప, మంగళవారం

పొద్దున ఎర్రకారం దోశ కోసం నిలబడి, ల్యాబుకు పోయేసరికి పది దాటింది. బయట నిప్పులు చెరుగుతోంది. డీఎన్‌ఏను అల్లే క్లెనో ఎంజైమును ఫ్రీజర్‌లోంచి తీసి ఐసులో గుచ్చి, ఆ ఐసు నీళ్లయ్యేలోపల పని ముగించాలని ఒకటే హడావుడి.

పని మామూలుదే. ఒంటిపోగు డీఎన్‌ఏకు ప్రైమరు అనే చిన్న మొదలు ముక్కను అతికించి, డీఎన్‌ఏకు ఇటుకల్లాంటి న్యూక్లియోటైడ్లూ మెగ్నీషియమూ ఇస్తే ఎంజైము రెండో పోగు అల్లుకుంటూ పోతుంది. చివర్లో పికోగ్రీన్ అనే మెరిసే రంగు కలుపుతాం. అది ఒంటిపోగును పెద్దగా పట్టించుకోదు, జంటపోగు దొరికితే మాత్రం అంటుకుని వెలుగుతుంది. 480 నానోమీటర్ల నీలి వెలుతురు పంపితే 520 దగ్గర పచ్చగా మెరుస్తుంది. ఎంత మెరుపో అంత అల్లిక. మెరుపు తగ్గిందంటే ఎంజైముకు ఏదో అడ్డుపడినట్టు.

ఈసారి అడ్డం పెట్టింది రక్తచందనం. మూలికల అంగడిలో కొన్న పొడిని జూనియర్ పిల్ల ఆల్కహాల్‌లో నానబెట్టి తెచ్చింది. రీడింగ్ నాలుగో వంతుకు పడిపోయింది.

"అక్కా, ఆగిపోయిందక్కా! పేపరు రాసేద్దామా?"

దాన్నేమంటాను, నేనే నోటుబుక్కు వెనకపేజీలో పేపరుకు పేరు కూడా రాసుకున్నాను. సిగ్గేస్తోంది.

మధ్యాహ్నం ట్యూబులు కడుగుతుంటే సింకంతా ఎర్రగా పారింది. అప్పుడు తట్టింది. ఎర్రగా కనబడేది నీలి వెలుతురును మింగేస్తుంది కదా! పికోగ్రీన్‌కు అందాల్సిన వెలుతురును ఈ రంగే దారిలో తినేస్తుంటే?

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి చందనం లేకుండానే 37 డిగ్రీల దగ్గర అరగంట అల్లనిచ్చాం. తర్వాత ఈడీటీఏ అనే రసాయనం పోశాం. అది మెగ్నీషియాన్ని లాగేసుకుంటుంది, ఎంజైము అక్కడికక్కడే నిలిచిపోతుంది. అంతా అయ్యాక చందనం చుక్క, ఆపైన పికోగ్రీన్. రీడింగ్ మళ్లీ నాలుగో వంతే. ఆగిపోయిన ఎంజైమును ఇంకెవరు ఆపుతారు?

చందనానికి ఆ గుణం అసలు లేదనీ చెప్పలేం. రేపు డీఎన్‌ఏ ముక్కల్ని పొడుగును బట్టి విడదీసే జెల్ మీద నడపాలి. ప్రైమరు ఎంత పొడుగు సాగిందో పట్టీల్లోనే కనబడుతుంది, చందనం రంగు అక్కడ అంత గోల చెయ్యదు. ఈ ఎదురు పరీక్ష పొద్దున్నే పెట్టుకోవాల్సింది. పెట్టుకోలేదు, దోశ ఒక్కటే కారణమూ కాదు.

రాత్రి అమ్మతో ఫోన్లో అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "మిగిలిన పొడి పారబోయొద్దే, మొగానికి పూసుకుందువు" అంది.