రాసేవారి దగ్గరకు శాలువాతో రాకండి

హనుమకొండలో వరద నీరు పోయే నయీంనగర్ నాలా గురించి నా బ్లాగులో రాసిన మూడో రోజున ఒక నాయకుని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. “అన్నా, సార్ మిమ్మల్ని ఒకసారి కలుస్తనంటున్నడు, చిన్న సన్మానం గూడ పెట్టుకుందాం” అని ఆ అబ్బాయి మర్యాదగానే అన్నాడు. నేను రాసింది సార్ చదివారా అని అడిగాను. “లింకు పెట్టిన అన్నా, చూస్తడు” అన్నాడు. శాలువా వద్దనీ, నాలా పనుల అంచనా పత్రం కాపీ ఒకటి పంపితే చాలనీ చెప్పాను. ఆ తరువాత ఫోన్ రాలేదు.

పత్రికల వారితో మెలగడం నాయకులకు బాగా తెలుసు గానీ, ఏ సంస్థలోనూ లేకుండా సొంతంగా రాసేవారితో ఎలా మాట్లాడాలో ఇంకా అలవడలేదు. మాలో చాలామందిమి పగలు ఉద్యోగం చేసుకొని రాత్రి రాసేవాళ్లం. పదకొండు గంటల ప్రెస్ మీట్‌కు రాలేము, అందరికీ ఒకేసారి వాట్సాప్‌లో పంపే ప్రెస్ నోట్‌తో మాకు పని లేదు.

మాకు కావలసింది కాగితం. 2020 ఆగస్టులో హనుమకొండ కాలనీలు మునిగినప్పుడూ, 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడూ జనం అడిగినవి చిన్న ప్రశ్నలే: నాలా వెడల్పు కాగితం మీద ఎంత, నేల మీద ఎంత, పూడిక ఎప్పుడు తీశారు, బిల్లు ఎంతయింది. ఇవి నేను తెలుసుకోవాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి 30 రోజులు ఎదురుచూడాలి. గ్రేటర్ వరంగల్‌లోని 66 డివిజన్లలో ఏ కార్పొరేటర్ అయినా ఇంజనీరుకు ఒక ఫోన్ చేసి కనుక్కోగలరు.

ఒక కార్పొరేటర్ అంతకంటే ఎక్కువే చేశారు. నేను రాసిన కొలత తప్పని రెండు వాక్యాల మెయిల్ పంపి, ఆదివారం పొద్దున తానే టేపు పట్టుకొని వచ్చారు. కల్వర్టు దగ్గర ఒక కొస ఆయన, ఇంకో కొస నేను పట్టుకున్నాం. నేను 18 అడుగులని రాసిన చోట 22 ఉంది. అక్కడి నుంచి యాభై గజాలు కిందికి పోతే 14 మాత్రమే ఉంది. మొదటిది నా తప్పు కనుక ఆ రాత్రే పోస్టు పైభాగాన సవరణ పెట్టాను. రెండోచోట నాలా ఎందుకు ఇరుకైందని అడిగితే కాసేపు ఊరుకొని, “ఎవరు కట్టిన్రో నాకు ఎరికే, ఇప్పుడు చెప్పలేను” అన్నారు. ఆ మాట ఆయన పేరుతోనే రాస్తానంటే ఒప్పుకున్నారు. తరువాత ఆయన పార్టీని విమర్శిస్తూ రెండుసార్లు రాశాను, అయినా నా మెయిళ్లకు జవాబివ్వడం ఆయన మానలేదు.

ఎన్నికలప్పుడు వినిపించే ‘ప్యాకేజీ’ (డబ్బిచ్చి అనుకూలంగా రాయించుకోవడం) మాట మాత్రం మా దగ్గర ఎత్తవద్దు. ఇంటర్నెట్‌లో వేసే రాజకీయ ప్రకటనకు ముందే అనుమతి తీసుకోవాలనీ, దాని ఖర్చును అభ్యర్థి లెక్కలో చూపాలనీ ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే ఆదేశించింది. ప్రకటనను వ్యాసంలా వేయమని అడగడమంటే నన్ను నమ్మి చదివేవారిని మోసం చేయమని అడగడమే.

విమర్శ నచ్చకపోతే అనుచరుల చేత తిట్టించకుండా, సొంత పేరుతో జవాబు రాసి పంపండి. ఒక్క అక్షరం కోయకుండా వేస్తాను. నాలా పోస్టు కింద ఆ జవాబుకు చోటు ఉంచాను. అంచనా పత్రం కోసం నేనే దరఖాస్తు పెట్టుకున్నాను, ఇవాళ్టికి పందొమ్మిది రోజులు.