గంట పని అన్నాడు మా తమ్ముడు

మా ఇంట్లో కంప్యూటర్ అంటే చెరువుల లెక్కల పుస్తకం. భీమవరం అవతల కాళ్ళ మండలంలో మాకు మూడు రొయ్యల చెరువులున్నాయి. ఏ రోజు ఏ చెరువులో ఎన్ని కిలోల మేత పడింది, మందులకెంత, డీజిల్‌కెంత, పట్టుబడి రోజున కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత తేలింది, అన్నీ నేనే ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. నాలుగు జీబీ ర్యామ్, లోపల గిర్రున తిరిగే పాతకాలపు హార్డ్ డిస్క్. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ప్లగ్గు పీకితే ఠక్కున ఆరిపోతుంది. అయినా నా పనికి ఏ లోటూ రాలేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10 కథ ముగిసింది, ఇక మామూలుగా సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. నాది ఆరో తరం. ఊళ్లో ఒక షాపతనికి చూపిస్తే మూత తెరవకుండానే, "ఇంక దీన్ని వదిలెయ్యండి మేడం, కొత్తది తీసుకోండి, ఆయ్" అన్నాడు. పనిచేస్తున్న వస్తువుని వదిలెయ్యమంటే నాకు మనసొప్పదు. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్ మోటారు కాలిపోతే వైండింగ్ చేయించి మళ్లీ దింపుతామే గానీ చెరువు పూడ్చెయ్యం కదా.

బెంగళూరులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, విండోస్ 10కి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు దాకా పొడిగింపు ఇస్తున్నారు. లేదంటే రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో టీపీఎం తనిఖీని దాటించి విండోస్ 11 కూడా ఎక్కించొచ్చు. కానీ నాలుగు జీబీ ర్యామ్‌తో, ఆ హార్డ్ డిస్క్‌తో నువ్వు విసిగిపోతావు. విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకో, అదీ విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే, ఉచితం. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తేలిగ్గా ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఒకటి బూటబుల్‌గా, అంటే కంప్యూటర్ దాని మీద నుంచే లేచేలా చేసుకుంటే గంట పని."

ఆ గంట పనికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మొదటి రోజంతా డౌన్‌లోడ్‌కే పోయింది. మింట్ మొత్తం ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా వస్తుంది, అది మూడు జీబీకి కాస్త తక్కువ. నా ఫోన్‌లో డేటా రోజుకు 1.5 జీబీ. హాట్‌స్పాట్ పెట్టి మొదలుపెడితే సగం దాటకుండానే కోటా అయిపోయి వేగం నత్తనడకకు పడిపోయింది. అర్ధరాత్రి పన్నెండుకి మళ్లీ కోటా వస్తుందని అలారం పెట్టుకుని లేచాను. మధ్యలో రెండుసార్లు తెగింది, రెజ్యూమ్ నొక్కుతూ కూర్చున్నాను. తెల్లారేసరికి పూర్తయినట్టు చూపించింది.

ఇంట్లో ఖాళీ పెన్‌డ్రైవ్ లేదు. మావయ్యగారిది పదహారు జీబీది ఒకటుంది. దాన్నిండా నాటక పద్యాలే, పాత క్యాసెట్ల నుంచి ఎవరిచేతో ఎక్కించుకున్నారు. పొద్దున్నే వీధరుగు మీద స్పీకర్‌కి గుచ్చి, కాఫీ తాగుతూ వింటారు. "రెండ్రోజుల్లో ఇచ్చేస్తాను మావయ్యగారూ" అని తీసుకున్నాను. పద్యాల ఫోల్డరు ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీదికి కాపీ చేశాను. ఐఎస్ఓ ఫైలుని పాటలు ఎక్కించినట్టే పెన్‌డ్రైవ్‌లోకి లాగి వదిలాను. రీస్టార్ట్ చేస్తే మళ్లీ విండోసే వచ్చింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

తమ్ముడు నవ్వాడు. "అక్కా, హేచరీ నుంచి సీడ్ వస్తే ఏం చేస్తారు? సంచులు విప్పకుండా గట్టు మీద వరసగా పెట్టేసి చెరువులో పిల్ల వదిలాం అంటారా?"

నాకప్పుడు తలకెక్కింది. ఐఎస్ఓ అంటే మూతి కట్టిన సంచి. కంప్యూటర్ ఆన్ చేయగానే లేచేది విండోస్ కాదు, మదర్‌బోర్డు మీద యూఈఎఫ్ఐ అనే చిన్న ప్రోగ్రాం. అది పెన్‌డ్రైవ్‌లోకి తొంగిచూసి ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, దాని లోపల బూట్ అనే ఫోల్డరు, అందులో మొదలుపెట్టే ఫైలు ఉన్నాయా అని వెతుకుతుంది. ఉంటే దానికి పగ్గాలిస్తుంది, లేకపోతే దాటుకుని పోతుంది. నా పెన్‌డ్రైవ్‌లో దానికి కనిపించినవి పద్యాలు, ఒక మూట. మూట విప్పి, లోపలివి ఎక్కడివక్కడ సర్ది, డ్రైవ్‌ని బూట్ అయ్యేలా రాసేదే రూఫస్. అది చాలా చిన్న ప్రోగ్రాం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది.

తెరిచాను. తమ్ముడు లైన్లోనే ఉన్నాడు.

"ఆగు, ముందు ఫైలు సరిగ్గా దిగిందో లేదో చూశావా?"

"పూర్తయిందని చూపించిందిరా."

"చూపించడం వేరు అక్కా."

కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి సర్ట్‌యుటిల్ అనే కమాండు కొట్టించాడు. అది విండోస్‌లో ముందే ఉంటుంది. ఫైలంతా చదివి ఎస్‌హెచ్‌ఏ 256 అని అరవై నాలుగు అక్షరాల, అంకెల వరస ఒకటి ఇస్తుంది. మింట్ వాళ్లు తమ సైట్‌లో పెట్టిన వరసతో అది అక్షరం పొల్లు పోకుండా కలవాలి. ఫైలులో ఒక్క బిట్ తేడా ఉన్నా వరస మొత్తం మారిపోతుంది. నాది మొదటి అక్షరం దగ్గరే తేలిపోయింది. రాత్రంతా మేలుకున్నదంతా గోదాట్లో కలిసింది.

నిజం చెప్పాలంటే మొత్తం వ్యవహారంలో నేను నేర్చుకున్న అసలు పని ఇదే. చాలామంది దీన్ని దాటేస్తారు. ఆ చెడిన ఫైలుతో పెన్‌డ్రైవ్ చేసుకుని ఉంటే ఇన్‌స్టాల్ సగంలో ఏదో ఎర్రర్ వచ్చేది. నేను ల్యాప్‌టాప్‌ని తిట్టుకునేదాన్ని, పెన్‌డ్రైవ్‌ని తిట్టుకునేదాన్ని, ఆఖరికి మా తమ్ముణ్ణి కూడా తిట్టేదాన్ని. తప్పు మాత్రం ఫైల్లో ఉండేది.

మర్నాడు కార్తీక సోమవారం. ఎలాగూ భీమవరంలో సోమేశ్వరస్వామి దర్శనానికి వెళ్తున్నాం కదా అని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను. గునుపూడిలో గుడి చుట్టూ జనం, ఇసకేస్తే రాలడం లేదు. దర్శనమయ్యాక పిన్ని వాళ్లింటికి వెళ్లాను. వాళ్లకి బ్రాడ్‌బ్యాండ్ ఉంది. పిన్ని ఉపవాసం, నాకు మాత్రం పులిహోర పెట్టింది. అది తినేలోపు ఫైలు దిగిపోయింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే సర్ట్‌యుటిల్ కొట్టాను. అరవై నాలుగూ కలిశాయి. "ఏంటే, లాటరీ నంబర్ చూసుకుంటున్నట్టు చూస్తున్నావు" అంది పిన్ని.

రాత్రి భోజనాలయ్యాక రూఫస్ ముందు కూర్చున్నాను. పైన డివైస్ దగ్గర పెన్‌డ్రైవ్ పేరు, సైజు కనిపిస్తాయి. అక్కడ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. (బయట తగిలించే పెద్ద హార్డ్ డిస్కులను రూఫస్ మామూలుగా ఆ జాబితాలో చూపించదు, అది వాళ్లు చేసిన పుణ్యం.) సెలెక్ట్ నొక్కి ఐఎస్ఓ చూపించాను. పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్, జీపీటీ అని రెండుంటాయి. అది ఇచ్చినది అలాగే వదిలెయ్యమన్నాడు తమ్ముడు, వదిలేశాను. స్టార్ట్ నొక్కితే ఐఎస్ఓ మోడ్‌లో రాయాలా, డీడీ మోడ్‌లో రాయాలా అని అడిగింది. పక్కన రికమెండెడ్ అని ఉన్నది ఐఎస్ఓ మోడ్, అదే ఎంచుకున్నాను. ఆఖర్న డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, సరేనా అంది. సరే అన్నాను.

ఆకుపచ్చ గీత మెల్లగా జరుగుతోంది. సగం దాటింది.

మా ఊళ్లో రాత్రిపూట కరెంటు పోయిందని చీకటి చూసి తెలుసుకోం. ఏరేటర్ల చప్పుడు ఆగిపోతుంది, దానితో తెలుస్తుంది. రోజంతా చెవిలో పడుతూనే ఉండే ఆ బడబడ ఒక్కసారిగా ఆగితే నిద్రలో ఉన్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. ఆ రాత్రీ అంతే. అక్టోబరు చివర్లో మొంథా తుపాను మా తీరానే దాటింది, ఆ తర్వాత లైన్లు ఇంకా కుదురుకోలేదు. మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు మీదికి పరిగెత్తారు. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, కాసేపాగితే రొయ్యలు పైకి తేలతాయి. రెండు నిమిషాల్లో జనరేటర్ అందుకుంది, చెరువులు మళ్లీ బడబడలాడాయి. చెరువులకి జనరేటర్ ఉంది, ఇంట్లో లైట్లకి ఫ్యాన్లకి ఇన్వర్టర్ ఉంది. నేను ల్యాప్‌టాప్ గుచ్చిన ప్లగ్గుకి మాత్రం రెండూ లేవు. తెర నల్లగా ఉంది.

అర్ధగంట తర్వాత కరెంటు వచ్చి పెన్‌డ్రైవ్ పెడితే, దీన్ని ఫార్మాట్ చేస్తే గానీ వాడలేరంది విండోస్. టెన్షన్‌తో తమ్ముడికి మెసేజ్ పెట్టాను. "ఏం కాలేదు, మళ్లీ రూఫస్ తిప్పు, అదే సరిచేసుకుంటుంది. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు కరెంటు పోతే మాత్రం కష్టం" అని జవాబు. పొద్దున్నే ఇన్వర్టర్ మీదున్న ప్లగ్గు దగ్గరికి బల్ల జరిపి మళ్లీ తిప్పాను. పది నిమిషాల్లోపే అయిపోయింది.

ఇక బూట్ మెనూ. కంపెనీని బట్టి మీట మారుతుంది. డెల్‌కి ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ నొక్కి ఎఫ్9. నాది లెనోవో ఐడియాప్యాడ్. ఎఫ్12 ఎన్నిసార్లు కొట్టినా నా వేళ్లకి ఆ క్షణం అందలేదు, ప్రతిసారీ విండోసే ముందొచ్చేసింది. అప్పుడు తమ్ముడు, "పక్కన సన్నటి కన్నం ఉంటుంది చూడు, నోవో బటన్ అంటారు" అన్నాడు. తొమ్మిదేళ్లుగా అది మైకు కన్నం అనుకుంటున్నాను. ల్యాప్‌టాప్‌ని పూర్తిగా ఆపమన్నాడు. విండోస్‌లో మామూలు షట్‌డౌన్ పూర్తిగా ఆపదట, ఫాస్ట్ స్టార్టప్ అని సగం నిద్రలో ఉంచుతుందట. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే నిజంగా ఆగుతుంది. ఆపి, చీర కుచ్చిళ్లకి పెట్టుకున్న పిన్నీసు తీసి, మొన ఆ కన్నంలో పెట్టి నొక్కాను. లోపల చిన్న టిక్కు వేలికి తగిలింది. తెర మీద నాలుగు వరుసల మెనూ వచ్చింది. అందులో బూట్ మెనూ, దాంట్లో యూఎస్‌బీ. గుర్తింపు లేని ప్రోగ్రాంలను లేవనివ్వని సెక్యూర్ బూట్‌ని ఆపాల్సి వస్తుందేమో అనుకున్నాను, ఆ అవసరం రాలేదు.

నిమిషం తర్వాత మింట్ గుర్తుతో డెస్క్‌టాప్ ప్రత్యక్షమైంది. హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీద నుంచే నడుస్తుంది కాబట్టి ముందు అన్నీ చూసుకోవచ్చు. వైఫై పట్టింది, స్పీకర్ మోగింది, టచ్‌ప్యాడ్ కదిలింది, బ్రౌజర్‌లో తెలుగు ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా వచ్చాయి. ఇవన్నీ చూసుకున్నాకే ఇన్‌స్టాల్ గుర్తు నొక్కాను. భాష, కీబోర్డు అడిగింది. తర్వాత, విండోస్ పక్కనే వేయాలా, డిస్క్ అంతా తుడిచేసి వేయాలా అంది. నా లెక్కల ఫైళ్లు ఎప్పుడో మెయిల్‌లో పంపుకున్నాను. తుడిచెయ్ అనబోతుంటే అరుగు మీద నుంచి మావయ్యగారి దగ్గు వినిపించింది.

పద్యాలు! డెస్క్‌టాప్ మీదున్నాయి. పెన్‌డ్రైవ్‌లో రూఫస్ తుడిచేసింది, ఇప్పుడు ఉన్న ఒక్క కాపీనీ నా చేత్తోనే తుడిచేయబోయాను. వేలు వెనక్కి తీశాను. ఇన్‌స్టాలర్ మూసేసి, మళ్లీ విండోస్‌లోకి వెళ్లి, కేబుల్ పెట్టి ఫోల్డరంతా నా ఫోన్‌లోకి ఎక్కించాను. ఒక పద్యం ప్లే చేసి, రాగం తీసేదాకా ఆగి విని, అప్పుడు మళ్లీ పిన్నీసు తీశాను.

అసలు ఇన్‌స్టాల్‌కి పట్టింది అర్ధగంటే. ఊరుకి కోల్‌కతా టైమ్, పాస్‌వర్డ్, అంతే. దాని గురించి చెప్పడానికేమీ లేదు. నేను వేసింది 22.2, పేరు జారా. మింట్ వెర్షన్లన్నిటికీ ఆడవాళ్ల పేర్లే, 22కి విల్మా, 22.1కి షియా. ఈ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఎక్సెల్ ఫైళ్లు మింట్‌తో పాటే వచ్చే లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, రంగులు, గళ్ల వెడల్పులు కొన్ని మారాయి. ఆ ఒక్కటీ కూర్చుని సర్దుకున్నాను.

సాయంత్రం మావయ్యగారు పెన్‌డ్రైవ్ అడిగారు. దీన్నే వెంటాయ్ అనే ఇంకో ప్రోగ్రాంతో చేస్తే ఐఎస్ఓ ఫైలూ పద్యాలూ పక్కపక్కనే ఉంచుకోవచ్చని తమ్ముడు ఊరించాడు, సరే అని అదీ చేశాను. అరుగు మీద స్పీకర్‌కి గుచ్చితే లైటు మిణుకుమిణుకుమంది గానీ నోరు పెగల్లేదు. వెంటాయ్ డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తుంది, ఆ స్పీకర్‌కి తెలిసింది ఫ్యాట్32 ఒక్కటే. ఇదంతా ఆయనకి విడమరిచి చెప్పబోయాను. ఆయన స్పీకర్ వైపు చూసి, నా వైపు చూసి,

"నీ సామాను పెట్టుకోడానికి నువ్వొకటి కొనుక్కో అమ్మాయ్, నాది నాకిచ్చెయ్" అన్నారు.

మింట్‌లో యూఎస్‌బీ స్టిక్ ఫార్మాటర్ అని ఒకటుంది. దాంతో డ్రైవ్‌ని ఫ్యాట్32 చేసి, ఫోన్‌లోంచి పద్యాలు ఎక్కించి ఇచ్చాను. ఈసారి మొదటి గుచ్చుకే అందుకుంది. నేను ఆదివారం బజారుకెళ్లినప్పుడు ముప్ఫై రెండు జీబీది ఒకటి కొని తెచ్చుకున్నాను.